గట్టుదీవిలో వేసవి సెలవులు: బయలుదేరే ముందు మూడు లెక్కలు

పోయిన ఏడాది ఏప్రిల్లో, పరీక్షలకు ముందు, మా తరగతిలో ఇరవైనలుగురం కలిసి ఒక కాగితం మీద సెలవుల ప్లాను రాసుకున్నాం. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను.

"మే రెండో వారం. పళవేర్కాడు. మూడు రోజులు. బయటి దీవిలో, సముద్రం ఒడ్డునే బస. మొదటి రోజు ఫ్లెమింగోలు. రెండో రోజు పడవలో మొగదాకా షికారు, స్నానాలు, రొయ్యల కూర. మూడో రోజు శ్రీహరికోట, వీలైతే రాకెట్టు."

ఈ కాగితాన్ని గొప్పగా మా అవ్వకు చూపించాను. అవ్వ, అంటే మా అమ్మవాళ్ళమ్మ, పుట్టింది తడ దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున. పెళ్ళయి మద్రాసుకు వచ్చి యాభై ఏళ్ళు దాటినా ఆ సరస్సును ఇప్పటికీ ప్రళయకావేరి అనే అంటుంది. కళ్ళజోడు పెట్టుకుని కాగితమంతా చదివింది. "ఎవురుమే ఇది రాసింది? ఆ నీళ్ళను ఎండాకాలంలో ఒక్కసారి గూడా చూడనోళ్ళు రాసినట్టుండాదే" అంది.

నాకు కోపం వచ్చింది. కానీ ఆ రాత్రి అన్నాలు తినేలోపు కాగితం మీద ఒక్కో మాటా కొట్టేసుకుంటూ వచ్చాం. చివరికి "పళవేర్కాడు" అన్న మాట ఒక్కటే మిగిలింది. ఆ కొట్టివేతల్లో నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం. ఈ ఏడు కూడా మే నెలలో అక్కడికే వెళ్దామని మన శాఖలో మాట వినిపిస్తోంది కనుక, వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

గట్టుదీవి అంటే ఏమిటి?

చెన్నైకి ఉత్తరాన సుమారు 55 కిలోమీటర్ల దూరంలో పళవేర్కాడు ఉంది. ఇంగ్లీషువాళ్ళ నోట్లో అదే పులికాట్ అయింది. మ్యాపు తెరిచి తూర్పు నుంచి పడమరకు వేలు జరపండి. ముందు సముద్రం, తరువాత సన్నటి ఇసుక పట్టీ, దాని వెనుక సరస్సు, సరస్సు వెనుక అసలు నేల వస్తాయి. ఆ ఇసుక పట్టీని భూగోళశాస్త్రంలో బ్యారియర్ ఐలాండ్ అంటారు. సముద్రానికీ సరస్సుకూ నడుమ చెరువుగట్టులా నిలబడి ఉంటుంది కాబట్టి నేను దాన్ని గట్టుదీవి అంటున్నాను. శ్రీహరికోట అలాంటి గట్టుదీవే. దానికి దక్షిణాన ఒక మొగ ఉంది. మొగ అంటే సముద్రపు నీళ్ళు సరస్సులోకి వచ్చిపోయే ముఖద్వారం. ఆ మొగకు ఇవతల, పళవేర్కాడు ఊరికి ఎదురుగా, ఇంకో ఇసుక పట్టీ మొదలై కాట్టుపల్లి వైపు సాగుతుంది. దాని మీద లైట్‌హౌస్ ఉంది, జాలరిపల్లెలు ఉన్నాయి.

ఈ గట్టును కట్టింది అలలే. అల ఒడ్డుకు నేరుగా రాదు, ఏటవాలుగా వస్తుంది. వచ్చేటప్పుడు ఇసుకను పక్కకు తోస్తుంది, వెనక్కి పోయేటప్పుడు నేరుగా లాక్కుపోతుంది. ఇలా ఒక్కో రేణువూ జానెడు జానెడుగా ఒడ్డు వెంబడి నడుస్తుంది. మన తీరంలో నైరుతి గాలులప్పుడు ఇసుక ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య ఋతుపవనాలప్పుడు దక్షిణానికి నడుస్తుంది. ఏడాది మొత్తం మీద లెక్కవేస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ.

దీనికి సాక్ష్యం కావాలంటే పులికాట్ దాకా పోనక్కర్లేదు. మన మెరీనా చాలు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో చెన్నై ఓడరేవుకు సముద్రంలోకి రాతిగోడలు కట్టారు. ఉత్తరానికి నడిచే ఇసుక ఆ గోడ దగ్గర ఆగిపోయింది. గోడకు దక్షిణాన ఇసుక పోగుపడి మెరీనా అంత వెడల్పయింది. గోడకు ఉత్తరాన రావలసిన ఇసుక రాక రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది. మనం సాయంత్రాలు సుండల్ తింటూ కూర్చునే ఇసుకలో కొంత, ఆ పక్క ఊళ్ళకు చేరవలసిన ఇసుకే.

గట్టుదీవి మీద ఈ ఇసుకను పట్టి నిలిపేవి రెండు మొక్కలు. ఊదారంగు పూలు పూసే బాలబండ తీగ ఒకటి, ముళ్ళబంతిలా గాలికి దొర్లిపోయే రావణాసురుడి మీసాలు ఇంకోటి. వాటి వేళ్ళ చుట్టూ ఇసుక చేరి తిన్నె అవుతుంది. తుపాను వచ్చినప్పుడు ఊరికి అడ్డం నిలబడేది ఆ తిన్నే. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపానును మా అవ్వ ఇప్పటికీ తలుచుకుంటుంది. ఫోటో కోసం ఆ తీగలు పీకడం, తిన్నెల మీద బండ్లు నడపడం ఎందుకు తప్పో దీన్ని బట్టి తెలుస్తుంది.

అంటే అక్కడ మన కాళ్ళ కింది నేల కూడా ప్రయాణంలోనే ఉంటుంది. నీళ్ళూ పక్షులూ చేపలూ దాంతోపాటే కదులుతాయి. అందుకే మన సెలవుల తేదీలను బట్టి ప్లాను వేస్తే కుదరదు. మూడు లెక్కలు వేసుకోవాలి.

మొదటిది: నెల లెక్క

మా కాగితంలో అవ్వ కొట్టేసిన మొదటి మాట ఫ్లెమింగోలు. "మే నెలలో పక్షులు యాడుంటాయిమే? నీళ్ళు ఎండితే వాటికి మాత్రం ఏం పని?" అంది.

పులికాట్ సరస్సు మన దేశంలో చిలికా తరువాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. అందులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. విస్తీర్ణం పెద్దదే గానీ లోతు తక్కువ, చాలాచోట్ల నడుములోతు దాటదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలకు ఆరణి, కాళంగి లాంటి ఏర్లు పారి సరస్సు నిండుతుంది. పక్షులు వచ్చేది అప్పుడే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకు రెండువైపులా ఫ్లెమింగోలు బారులు తీరి ఉంటాయి. దగ్గర్లోని నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి.

మార్చి దాటితే కథ మారుతుంది. ఏర్లు పారవు, ఎండకు నీళ్ళు ఆవిరైపోతాయి. మిగిలిన నీళ్ళలో ఉప్పు చిక్కబడుతుంది. సముద్రంలో లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పుంటే, ఎండాకాలంలో సరస్సు ఉత్తరపు వైపు నీళ్ళు దానికంటే ఉప్పగా మారతాయి. ఇంకా ఎండితే తెల్లటి ఉప్పుపర, దాని మీద పగుళ్ళు, అంతే. మే నెలలో పక్షుల కోసం వెళ్ళేవాళ్ళకు కనబడేది ఆ పగిలిన నేలే.

రెండో కొట్టివేత రొయ్యల కూర. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లతో సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పిల్లలయ్యే కాలమని ఈ ఏర్పాటు. చిన్న నాటుపడవలకూ సరస్సులో వలలకూ ఇది వర్తించదు గానీ, పెద్ద పడవలు ఆగిపోయిన ఆ రెండు నెలలూ ఒడ్డున డబ్బు ఆడదు. అలాంటప్పుడు ఇరవైనలుగురం దిగి రొయ్యలు అడిగితే ఇస్తారు. కానీ అది వాళ్ళు అమ్ముకుని బియ్యం తెచ్చుకోవలసిన రొయ్య.

మూడోది రాకెట్టు. రాకెట్టు మన సెలవులు చూసి ఎగరదు. ప్రయోగం తేదీ ప్రకటించాక, ఆన్‌లైన్లో ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్ళనే గుర్తింపుకార్డు చూసి అక్కడి గ్యాలరీలోకి అనుమతిస్తారు. మిగతా రోజుల్లో ఆ దీవిలో ఇష్టం వచ్చినట్టు తిరగడానికి లేదు. అసలు ఈ దీవినే ఎందుకు ఎంచుకున్నారంటే, తూర్పున అంతా సముద్రం కాబట్టి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. తూర్పుకు ఎగిరే రాకెట్టుకు ఆ తిరుగుడే సెకనుకు సుమారు 450 మీటర్ల వేగాన్ని ఊరికే ఇస్తుంది. పైగా ఏదైనా విరిగిపడినా నీళ్ళలోనే పడుతుంది. 1969లో ఈ చోటును ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి అనే చిన్న రాకెట్టుతో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి.

ఈ సంగతి నేను చెబుతుంటే అవ్వ అడ్డం వచ్చింది. "రాకెట్టు రాకముందు అదంతా అడివి. ఆ అడివి కట్టెలు పడవల్లో కాలవ మింద మద్రాసుకు పొయ్యేవి. మీ తాత వాళ్ళింట్లో పొయ్యిలో కాలింది ఆ కట్టెలే" అంది. కాలవ అంటే బకింగ్‌హాం కాలువ. ఆ అడవిలో యానాదులు ఉండేవాళ్ళు, ఒడ్డున జాలరిపల్లెలు ఉండేవి. కేంద్రం వచ్చాక ఎన్నో కుటుంబాలు దీవి వదిలి సరస్సు ఇవతలికి వచ్చాయి. రాకెట్టు చూసి చప్పట్లు కొట్టేటప్పుడు ఈ మాట కూడా గుర్తుండాలని నాకనిపించింది.

రెండోది: తిథి లెక్క

ఇది పడవ గురించి. మా ప్లానులో అన్నిటికంటే సరదాగా రాసుకున్నదీ, అన్నిటికంటే ప్రమాదమైనదీ ఇదే.

అవ్వ గోడకున్న క్యాలెండరు తీసి ముందేసుకుంది. "మీరు పొయ్యేది అమాసకు ముందురోజు" అంది. అయితే ఏమయిందని అడిగాను. అప్పుడు చెప్పింది పోటు, పాటు సంగతి. మన పుస్తకాల్లో ఆటు, పోటు అని రాసేదాన్ని వాళ్ళు పోటు, పాటు అంటారు. నీళ్ళు ఒడ్డుకు ఎక్కడం పోటు, దిగిపోవడం పాటు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు ఉంటాయి. నిన్నటి పోటు కంటే నేటి పోటు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చంద్రుడు కూడా రోజూ అంతే ఆలస్యంగా ఉదయిస్తాడు గనుక.

అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి లాగుతారు కాబట్టి పోటూ పాటూ పెద్దవి. సప్తమి, అష్టమి నాటికి ఒకరు ఒకవైపు, ఇంకొకరు అడ్డంగా లాగుతారు కాబట్టి చిన్నవి. పంచాంగం చూడటం వస్తే సముద్రం చూడటం సగం వచ్చినట్టే అని అవ్వ అంటుంది. ఫిజిక్స్ చదివే మా స్నేహితురాలికి ఈ మాట చెబితే, తన పాఠంలో ఉన్నదీ ఇదేనంది.

చెన్నై తీరంలో పోటుకూ పాటుకూ తేడా మీటరు అటూ ఇటూగానే ఉంటుంది. అంతేగదా అనిపిస్తుంది. కానీ అంత పెద్ద సరస్సులోని నీళ్ళు ఒక ఇరుకైన మొగ గుండా బయటికి పోవాలి. సీసాను బోర్లిస్తే మూతి దగ్గర నీళ్ళు ఎంత వేగంగా దూకుతాయో చూడండి. పాటు సమయంలో మొగ దగ్గర ఒరవడి అలా ఉంటుంది. పైన నీళ్ళు నున్నగా కనిపిస్తాయి, కింద కాళ్ళను లాగేస్తాయి. ఈత వచ్చినవాళ్ళను కూడా సముద్రంలోకి తీసుకుపోతాయి. దీనికి తోడు వేసవిలో ఏటి నీళ్ళు తోసేది లేక మొగలో ఇసుక మేట వేస్తుంది. పడవ అడుగు మేటకు తగిలి ఆగితే, పక్క నుంచి వచ్చే అల దాన్ని ఒరిగిస్తుంది. మధ్యాహ్నం దాటితే సముద్రపుగాలి లేస్తుంది, అలలు పెరుగుతాయి.

2011 డిసెంబరు 25న, పండుగ రోజు, పళవేర్కాడులో విహారానికి వెళ్ళినవాళ్ళ పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో పిల్లలూ ఆడవాళ్ళూ ఉన్నారు. మా కాగితం మీద ఉన్న సంఖ్య ఇరవైనాలుగు. ఆ రెండు సంఖ్యలూ పక్కపక్కన పెట్టుకుని చూశాక, రెండో రోజు ప్లానును నేనే కొట్టేశాను. అవ్వ చేత కొట్టించలేదు.

మూడోది: బిందె లెక్క

ఇక మిగిలింది బస. మూడు రోజులు, దీవిలో, సముద్రం ఒడ్డునే. ఇందులో తప్పేముందో నాకు అర్థం కాలేదు. అవ్వ ఒక్కటే అడిగింది. "నీళ్ళో?"

గట్టుదీవి చుట్టూ నీళ్ళే, తాగడానికి పనికొచ్చేవి మాత్రం కావు. మరి అక్కడివాళ్ళు తరతరాలుగా ఏం తాగి బతికారు? ఇసుకలో కురిసిన వానను తాగారు. వాన పడగానే ఇసుక దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. మంచినీళ్ళు ఉప్పునీళ్ళ కంటే తేలిక కాబట్టి, ఆ వాననీళ్ళు కింద ఉన్న ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి, మజ్జిగ మీద వెన్నలాగా. ఇసుకను మోకాటిలోతో నడుములోతో తవ్వితే మంచినీళ్ళు ఊరుతాయి. మనకు తెలిసిన మాటే, చెలమ.

చెలమలో చెంబుతో కొద్దికొద్దిగా తోడుకోవాలి. మోటారు పెట్టి గుంజితే ఏమవుతుందో శాస్త్రం లెక్క చెప్పింది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్ళు నిలబడాలంటే, కింద సుమారు నలభై అడుగుల మంచినీళ్ళు ఉప్పునీళ్ళను అణిచిపెట్టి ఉండాలి. ఇది రెండు నీళ్ళ బరువుల తేడాను బట్టి వచ్చే లెక్క. దాన్నే తిరగేసి చూడండి. పైన ఒక అడుగు తోడేస్తే, కాలక్రమాన కింద నుంచి ఉప్పు నలభై అడుగులు పైకి రాగలదు. ఒకసారి ఉప్పు ఎక్కిన చెలమను మళ్ళీ తియ్యగా చెయ్యడం మన చేతిలో లేదు. మళ్ళీ ఎన్నో వానలు కురవాలి.

వాన పడేది అక్టోబరులో. మనం పోయేది మే నెలలో. అంటే ఏడాదిలో చెలమ అట్టడుగున ఉన్నప్పుడు.

ఆ రాత్రి నేనే కూర్చుని లెక్క వేశాను. హాస్టల్లో మేం ఒక్కొక్కరం స్నానానికీ బట్టలకూ అన్నిటికీ కలిపి రోజుకు ఆరు బకెట్లు వాడతాం. బకెట్టు ఇరవై లీటర్లు. ఇరవైనలుగురికి రోజుకు 144 బకెట్లు, అంటే 2,880 లీటర్లు. మూడు రోజులకు 8,640 లీటర్లు. బిందె పదిహేను లీటర్లనుకుంటే 576 బిందెలు.

మరునాడు క్లాసులో ఈ సంఖ్యను బోర్డు మీద రాశాను. ఎవరో నవ్వారు. తరువాత ఎవరూ నవ్వలేదు. మనలో చాలామంది ఇళ్ళలో వేసవిలో ట్యాంకర్ లారీ కోసం బిందెలు వరసపెట్టి కాసుకున్నవాళ్ళమే. 576 బిందెలంటే ఏమిటో చెన్నైలో పెరిగిన ఆడపిల్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ దీవిలో కుళాయి వచ్చిన ఊళ్ళున్నాయి, ట్యాంకరు వచ్చే ఊళ్ళున్నాయి. కానీ ఏ దారిలో వచ్చినా ఆ నీళ్ళు మోసేది ఆడవాళ్ళే. మన స్నానాల కోసం వాళ్ళ చేత మోయించే హక్కు మనకు లేదు. స్నానం నీళ్ళూ మరుగుదొడ్డి నీళ్ళూ ఇంకేదీ ఆ ఇసుకలోకే, ఆ చెలమలోకే అన్నది ఇంకో సంగతి.

చివరికి ఎలా వెళ్ళామంటే

మే మూడో వారంలో, అష్టమినాడు, ఒక్కరోజుకు వెళ్ళాం. ఇరవైనలుగురిలో పదకొండుమందే వచ్చారు. రొయ్యలూ రాకెట్టూ లేవని మిగతావాళ్ళు సినిమాకు పోయారు. తెల్లవారుజామున సెంట్రల్ పక్కన గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి, పొన్నేరిలో దిగి, అక్కడ పళవేర్కాడు బస్సు పట్టుకున్నాం. ఒక్కొక్కరం మూడు లీటర్ల నీళ్ళూ పులిహోర పొట్లమూ మోసుకున్నాం.

ఎండ ఎక్కకముందే డచ్చివాళ్ళ శ్మశానం చూశాం. పులికాట్ అరవీటి వెంకటపతిరాయల ఏలుబడిలో ఉన్నప్పుడు ఆయన అనుమతితో డచ్చివాళ్ళు ఇక్కడ స్థిరపడి, 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. 1690లో నాగపట్టణానికి తరలిపోయేదాకా కోరమండల్ తీరంలో వాళ్ళ వ్యాపారానికి ఇదే ముఖ్యస్థానం. ఇక్కడి నుంచి రంగురంగుల గళ్ళ బట్టలు తూర్పు దేశాలకు ఓడల్లో పోయేవి. మలేషియాలో మగవాళ్ళు కట్టే గళ్ళ లుంగీని ఇప్పటికీ 'కైన్ పెలికాట్' అంటారు. ఊరి పేరు అలా బట్టకు అంటుకుపోయింది. అవే ఓడల్లో బానిసలుగా మనుషులను కూడా పంపారు. శ్మశానం గేటుకు రెండువైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. లోపల సమాధుల మీది అక్షరాలు చెదరలేదు. కోట మాత్రం మట్టిదిబ్బలూ తుమ్మచెట్లూ అయిపోయింది.

తరువాత వంతెన దాటి బయటి పట్టీ మీదికి వెళ్ళాం. మొగ వైపు పోలేదు. ఒక పల్లెలో సరుగుడు చెట్ల నీడన ఆడవాళ్ళు చిరిగిన వలలు బాగుచేస్తున్నారు. తమిళమూ తెలుగూ రెండూ వచ్చిన ఒక పెద్దావిడ మాతో మాటల్లో పడింది. వాళ్ళాయన ఇంట్లోనే ఉన్నాడేమని అడిగితే "ఈపొద్దు మాది పాడు కాదు" అంది. ఏదో పాడైందనుకుని మేం అయ్యో అన్నాం. ఆవిడ పడీపడీ నవ్వింది. పాడు అంటే సరస్సులో వల వేసుకునే వంతు. మంచి చోట్లు కొన్నే ఉంటాయి కాబట్టి, ఊళ్ళూ కుటుంబాలూ వంతులు వేసుకుని, తమ వంతు రోజునే ఆ చోట వల కడతాయి. వంతు లేనివాళ్ళు అటు పోరు. మనం చెడిపోవడానికి వాడే మాట వాళ్ళకు న్యాయం జరగడానికి పేరు. తెలుగు శాఖవాళ్ళం వెళ్ళినందుకు ఆ ఒక్క మాట చాలనిపించింది.

బయలుదేరబోతుంటే ఆవిడ చెలమ నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. మా దగ్గర ఉన్నాయని సీసాలు చూపించాం. అంత లెక్క వేసుకుని వచ్చాం గదా, ఒక్క చుక్క కూడా వాడకూడదని మా పట్టుదల. ఆవిడ ముఖం చిన్నబోయింది. "ఇంటికాడికి వచ్చి నీళ్ళు ముట్టకుండా పోతారా?" అంది. మా పదకొండుమందికీ ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి చెంబు అందుకుని తలా ఒక గుక్క తాగాం. పోయేముందు మా సీసాల్లో మిగిలిన నీళ్ళన్నీ ఆవిడ బిందెలో పోశాం. ఆవిడ వద్దనలేదు.

ఇంటికి వచ్చాక అవ్వ పక్షుల గురించి అడగలేదు, కోట గురించి అడగలేదు. "నీళ్ళు ఎట్టుండాయిమే?" అంది. తియ్యగా ఉన్నాయవ్వా అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈ ఏడు వెళ్ళేవాళ్ళకు

ప్రయాణాన్ని రెండుగా చేసుకోండి. మనుషుల కోసం, మాటల కోసం మే నెలలో ఒక్కరోజు. పక్షుల కోసం జనవరిలో సూళ్ళూరుపేట వైపు ఇంకో రోజు. మే నెలలో అయితే క్యాలెండరు చూసి సప్తమి, అష్టమి రోజుల్లో పెట్టుకోండి. తెల్లవారుజామున బయలుదేరి, ఎండ మాడ్చేలోపు తిరుగుడు ముగించండి. కత్తెర ఎండలో ఇసుక మీద చెప్పుల్లేకుండా పది అడుగులు కూడా వెయ్యలేం. మొగ దగ్గర నీళ్ళలో దిగకండి. పడవ ఎక్కితే అనుమతి ఉన్నదే ఎక్కండి. అందరికీ లైఫ్ జాకెట్లు లేకపోతే ఒడ్డునే ఉండిపోండి.

నీళ్ళు మోసుకెళ్ళండి. చెత్త మోసుకురండి. బస చెయ్యాలనుకుంటే పొన్నేరిలోనో సూళ్ళూరుపేటలోనో చెయ్యండి. కొనదలచుకుంటే పళవేర్కాడులో ఆడవాళ్ళు తాటాకుతో అల్లే బుట్టలు కొనండి. ఆ పనికి చెలమ నీళ్ళు అక్కర్లేదు, వేట నిషేధమూ అడ్డం రాదు. వెళ్ళేముందు స.వెం. రమేష్ గారి 'ప్రళయకావేరి కథలు' చదవండి. ఆ సరస్సు దీవుల్లో తెలుగువాళ్ళ బతుకూ మాటా అందులో ఉన్నాయి. చదివి వెళితే అక్కడ వినిపించే మాటలు చెవికి పడతాయి.

పేర్లు ఇవ్వదలచినవాళ్ళు ఈ వ్యాసం కింద అంటించిన తెల్లకాగితం మీద రాయండి. పేరు పక్కన, మీరు రోజుకు ఎన్ని బకెట్ల నీళ్ళు వాడతారో కూడా నిజాయితీగా రాయండి. లెక్క అక్కడి నుంచే మొదలుపెడదాం.